తలకు తగిలిన పాత దెబ్బ, తర్వాత వచ్చిన బైపోలార్: ఆ దెబ్బే కారణమా?

క్లుప్తంగా

తలకు గాయమైన వారిలో బైపోలార్ డిజార్డర్ (మితిమీరిన హుషారు, కుంగుబాటు విడతలుగా వచ్చే మానసిక జబ్బు) వచ్చే అవకాశం మిగతా వారికంటే కొంత ఎక్కువ. అయితే ఆ పెరుగుదల చిన్నది; దెబ్బ తగిలిన వారిలో అత్యధికులకు ఈ జబ్బు ఎప్పటికీ రాదు. పాత దెబ్బకూ ఇప్పటి జబ్బుకూ లంకె ఉందో లేదో స్కానింగ్ ఒక్కటే తేల్చలేదు. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, విడతలుగా వస్తున్నాయా లేక ఎడతెగకుండా ఉంటున్నాయా, మధ్యలో ఏ మందులు వాడారు అన్న కాలక్రమం అంతకంటే ఎక్కువ చెబుతుంది. లంకె తేలినా తేలకపోయినా చికిత్స ఉంది. మందులు ఎంచేటప్పుడు మాత్రం పాత గాయాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న

గూడూరు నుంచి నెల్లూరు, కోవూరు, కావలి, సింగరాయకొండ, టంగుటూరు మీదుగా ఒంగోలు దాటిపోయే పదహారో నంబరు జాతీయ రహదారి వెంట బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్న మనిషి లేని ఊరు కనబడదు. రోడ్డు ఒక్కటే కారణమూ కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాయి జారి తగిలినవారు, పొగాకు బ్యారన్‌లో పై వరుసకు కర్రలు ఎక్కిస్తూ పట్టు తప్పినవారు, తాటిచెట్టు మీద నుంచి పడినవారు ఈ ప్రాంతంలో ఉంటూనే ఉంటారు. వారిలో చాలామంది కుట్లు విప్పించుకుని, కొన్నాళ్లు తలనొప్పి అనుభవించి, మళ్లీ పనిలో పడతారు. కొందరి ఇళ్లలో మాత్రం నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో కొత్త సంగతి ఒకటి మొదలవుతుంది. మనిషికి నిద్ర ఉండదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. కొన్ని వారాలు గడిచాక అదే మనిషి మంచం దిగడు, అన్నం ముట్టడు. డాక్టరు చీటీ మీద బైపోలార్ అని రాస్తే ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అప్పుడు తగిలిన దెబ్బ వల్లేనా?"

ఈ ప్రశ్నలో వైద్యంతో పాటు ఇంకొన్ని బరువులు కూడా ఉన్నాయి. మానసిక జబ్బు అంటే వంశంలో ఉందేమోనన్న అనుమానం వస్తుంది, చెల్లెలి పెళ్లి సంబంధం దాకా ఆ మాట పోతుంది. దెబ్బ వల్ల వచ్చిందంటే ఆ భయం ఉండదు. అందుకే కొన్ని కుటుంబాలు చిన్నప్పుడు అరుగు మీద నుంచి పడిన సంగతిని కూడా వెతికి తెచ్చి డాక్టరు ముందు పెడతాయి. దీనికి సరిగ్గా ఎదురు తీరు కూడా ఉంది: తాగి పడ్డాడనో, పదేళ్ల నాటి మాట ఇప్పుడెందుకనో నిజంగా తీవ్రమైన గాయాన్నే చెప్పకుండా వదిలేస్తారు. రెండు తీరుల వల్లా రోగికే నష్టం.

జబ్బు స్వరూపం

బైపోలార్‌లో మనోస్థితి విడతలు విడతలుగా మారుతుంది. ఒక విడత మేనియా, ఒక విడత కుంగుబాటు, వాటి మధ్య మామూలుగా ఉండే కాలం. కనీసం వారం పాటు అసాధారణమైన హుషారో చిరాకో ఉండి, దానితో పాటు నిద్ర అవసరం తగ్గడం, ఆలోచనలు పరుగెత్తడం, గొప్పలు పోవడం, తెగించి ఖర్చు చేయడం వంటివి కలిస్తే దాన్ని మేనియా అంటారు. అంత తీవ్రం కాని స్థితి నాలుగు రోజులైనా నిలిస్తే అది హైపోమేనియా. ఇక్కడ నిద్ర సంగతి జాగ్రత్తగా అడగాలి. నిద్ర పట్టక అవస్థపడటం వేరు, మూడు గంటలే పడుకుని అలసట అన్నది లేకుండా లేవడం వేరు. మేనియాకు గుర్తు రెండోది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వచ్చినవారు సుమారు 0.5 శాతం, అంటే వెయ్యికి ఐదుగురు. వారిలో పదింట ఏడుగురికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. గాయం వల్లో, స్ట్రోక్ వల్లో, కణితి వల్లో నేరుగా వచ్చినట్టు రుజువైన మేనియాను వైద్య వర్గీకరణలు విడిగా లెక్కిస్తాయి; దాన్ని సెకండరీ మేనియా అంటారు. ఈ పేరును 1978లో ఇద్దరు అమెరికన్ మనోవైద్యులు వాడుకలోకి తెచ్చారు.

పుర్రె లోపలి నేల గరుకుగా ఉంటుంది

మెదడు లేత ముంజెలా మెత్తనిది, పుర్రె గట్టి చిప్ప. పుర్రె పైకప్పు లోపలి వైపు చాలావరకు నున్నగా ఉంటుంది గానీ అడుగుభాగం, ముఖ్యంగా కళ్ల పైన, కణతల కింద ఉండే చోటు, ఎగుడుదిగుడు ఎముకతో గరుకుగా ఉంటుంది. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగితే మెదడు ముందుకూ వెనక్కూ ఊగి ఆ గరుకు నేల మీద రాసుకుంటుంది. దెబ్బ తల వెనక తగిలినా నలిగేది చాలాసార్లు మెదడు ముందుభాగపు అడుగు, కణత భాగపు కొసలే. ఆవేశాన్ని అదుపులో పెట్టడం, లాభనష్టాలు బేరీజు వేయడం, ఉద్వేగాలకు పగ్గం వేయడం ఆ ప్రాంతాల పనే. సెకండరీ మేనియా ఎందుకు వస్తుందన్న దానికి ఈ శరీర నిర్మాణమే మొదటి ఆధారం.

ఎడమ, కుడి తేడా కూడా ఉంది. స్ట్రోక్, కణితి, గాయం తర్వాత మేనియా వచ్చినవారి కేసులను పోల్చి చూసినప్పుడు మెదడు కుడి సగంలో దెబ్బతిన్నవారే ఎక్కువగా కనిపించారు. 2020లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. గాయాలు వేర్వేరు చోట్ల ఉన్నా, ఆ చోట్లన్నీ కుడి కంటి పైనుండే ముందుభాగపు అడుగుతోనూ, కుడి కణత కింది భాగంతోనూ తీగల్లా ముడిపడి ఉన్నాయని అది చూపింది. ఊళ్లో కరెంటు పోవడానికి మన ఇంటి ముందున్న స్తంభమే కూలనక్కరలేదు, అదే లైనులో ఎక్కడ తెగినా దీపం ఆరిపోతుంది; మెదడులోనూ పని అలాంటిదే.

ఆ తీగల సంగతే స్కానింగ్‌ను కూడా తికమక పెడుతుంది. తల గిర్రున తిరిగేలా దెబ్బ తగిలినప్పుడు మెదడులోని సన్నని నరాల పోగులు సాగి, కొన్ని తెగుతాయి. ప్రమాదం రోజున తీసే సీటీ స్కాన్ నెత్తురు గడ్డను, ఎముక విరిగిన చోటును బాగా పట్టుకుంటుంది గానీ ఈ పోగుల గాయాన్ని చాలాసార్లు చూపదు. ఎంఆర్‌ఐ కొంత మెరుగు, అదీ అన్నీ చూపుతుందని చెప్పలేం. "అప్పుడు స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు" అన్న మాటకు అర్థం ప్రాణం మీదికి వచ్చే గడ్డ లేదనే. మెదడుకు ఏమీ కాలేదని దాని అర్థం కాదు.

గాయం తర్వాత మెదడులోని రక్షణ కణాలు వాపు పుట్టిస్తాయి. కొందరిలో ఆ వాపు ఛాయలు ఏళ్ల తరబడి మిగిలి ఉన్నట్టు పరిశోధనలు గుర్తించాయి. దెబ్బ తర్వాత నిద్ర క్రమం చెదరడం కూడా సర్వసాధారణం. బైపోలార్ వచ్చే తత్వం ఉన్నవారిలో నిద్ర చెడటమే మేనియాను రేపే బలమైన కారణాల్లో ఒకటి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల జీవనానికి ఇది నేరుగా తగిలే విషయం. రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకుండా ఎవరో ఒకరు రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. పొగాకు బ్యారన్‌లో ఆకు పచనమయ్యే రోజుల్లో పొయ్యి వేడి రాత్రీ పగలూ చూడాలి. తలకు దెబ్బ తగిలి కోలుకుంటున్న మనిషిని కూర్చుని చేసే పని కదా అని ఆ రాత్రి కాపలాకు పెట్టడం మంచి మనసుతో చేసే పొరపాటు.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

ఈ విషయంలో పెద్ద లెక్క డెన్మార్క్ నుంచి వచ్చింది. 1977 నుంచి 2000 వరకు పుట్టినవారి ఆసుపత్రి రికార్డుల్లో తలకు గాయమైన 1,13,906 మందిని గుర్తించి, మిగతా జనంతో పోల్చి, ఫలితాలను 2014లో ప్రచురించారు. బైపోలార్ రేటు గాయమైనవారిలో 1.28 రెట్లు ఉంది. కుంగుబాటు 1.59 రెట్లు, స్కిజోఫ్రీనియా 1.65 రెట్లు, మెదడు దెబ్బతినడం వల్లే వచ్చినట్టు నమోదైన మానసిక సమస్యలు 4.39 రెట్లు. పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య తగిలిన గాయం తర్వాతి జబ్బుతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది.

1.28 రెట్లు అన్న మాటను విడమరిచి చూడాలి. మన దేశపు వెయ్యికి ఐదుగురు అన్న లెక్కకు దాన్ని వర్తింపజేస్తే, ఆ సంఖ్య వెయ్యికి ఆరుగురు, ఆరున్నర దాకా పెరుగుతుంది. తలకు గాయమైన మిగతా తొమ్మిది వందల తొంభై మందికి పైగా బైపోలార్ దరిచేరదు. ముప్పు 28 శాతం పెరుగుతుందని రాసినా అదే లెక్క, కానీ వినేవారి గుండెలో పడే బరువు వేరు. పిల్లవాడు సైకిల్ మీద నుంచి పడ్డాడని ఈ జబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసిన పని లేదు.

1993లో అమెరికాలో జరిగిన చిన్న పరిశీలన ఇంకో కోణం చూపింది. తలకు గాయమై ఆసుపత్రిలో చేరిన 66 మందిని ఏడాది పాటు గమనిస్తే వారిలో ఆరుగురికి మేనియా వచ్చింది. కణత భాగపు అడుగు, కొస దెబ్బతిన్నవారిలో అది ఎక్కువగా కనిపించింది, విడత సగటున రెండు నెలలు నిలిచింది. సంఖ్య చిన్నది కాబట్టి ఆ తొమ్మిది శాతాన్ని గాయమైన అందరికీ అంటగట్టలేం. ఆసక్తి కలిగించేది ఇది: కుటుంబంలో మానసిక జబ్బు ఉండటానికీ, గాయం తర్వాత మేనియా రావడానికీ ఆ పరిశీలనలో సంబంధం కనబడలేదు. డెన్మార్క్ లెక్కలో కూడా గాయం వల్ల అదనంగా పెరిగిన ముప్పు కుటుంబ చరిత్ర ఉన్నవారిలో మరింత ఎక్కువేమీ కాలేదు. వంశంలో లేదు కాబట్టి మాకు రాదు అన్న ధీమాకు గానీ, వంశంలో ఉంది కాబట్టి దెబ్బకు పాత్ర లేదు అన్న తీర్పుకు గానీ ఈ రెండూ ఆధారం ఇవ్వవు.

ఇక కారణం, ఫలితం తారుమారయ్యే అవకాశమూ ఉంది. మేనియా మొదలవుతున్న మనిషి బండిని గాలిలా తోలుతాడు, రాత్రిళ్లు తిరుగుతాడు, హెల్మెట్ తీసి పక్కన పడేస్తాడు, తాగుతాడు. అతను ప్రమాదానికి గురై, ఆసుపత్రి నుంచి వచ్చాక జబ్బు బయటపడితే, చూసేవారికి దెబ్బ ముందు, జబ్బు తర్వాత అనిపిస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు తలకు కాకుండా వేరే చోట ఎముకలు విరిగినవారితో కూడా పోల్చి, కుంగుబాటు, స్కిజోఫ్రీనియా వంటి వాటి విషయంలో ఈ దుడుకుతనం ఒక్కటే కారణం కాదన్నారు; బైపోలార్ విషయంలో మాత్రం ఆ తేడా అంత స్పష్టంగా తేలలేదు. అందుకే ఒక్కో ఇంటి విషయంలో ఈ అనుమానాన్ని విడిగా తీర్చుకోవలసిందే: ప్రమాదానికి ముందు నెలలో మనిషి ఎలా ఉన్నాడు?

స్వభావం మారిందా, జబ్బు వచ్చిందా

1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ బండరాయి పేల్చడానికి మందు దట్టిస్తుండగా అది పేలి, ఇనుప గడ్డపార అతని చెంప కింద నుంచి నడినెత్తి మీదుగా దూసుకుపోయింది. బతికాడు, కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటిదురుసు మనిషి, నిలకడ లేని మనిషి అయ్యాడని చికిత్స చేసిన వైద్యుడు రాశాడు. ఆ తర్వాత అతను చిలీ దేశంలో గుర్రపు బండ్లు తోలుతూ ఏళ్ల తరబడి పనిచేశాడు కూడా. అతనిలో వచ్చిన మార్పు బైపోలార్ కాదు. అది విడతలుగా వచ్చిపోయేది కాదు. మెదడు ముందుభాగం దెబ్బతిని స్వభావమే పక్కకు ఒరగడం.

ఆచరణలో తికమక పడేది ఇక్కడే. ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకోవచ్చు. ఇద్దరూ రాత్రి బండి మీద వస్తూ అడ్డం వచ్చిన గేదెను గుద్దినవారే. మొదటి మనిషి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ చిన్న మాటకే కసురుతున్నాడు, పెద్దల ముందు నోరు జారుతున్నాడు. సంక్రాంతికీ అంతే, వినాయక చవితికీ అంతే. నిద్ర మామూలే. రెండో మనిషి ఏడు నెలలు తన పని తాను చేసుకున్నాడు. ఎనిమిదో నెలలో ఒక వారం రాత్రి రెండింటికే లేచి తన రొయ్యల గుంట గట్టు మీద తిరగడం మొదలుపెట్టాడు, రొయ్యల పట్టుబడి రాకముందే ఇంకో పది ఎకరాలు కౌలుకు మాట్లాడాడు, అప్పు మీద ఏరియేటర్లు తెప్పించాడు, వద్దన్న అన్న మీదికి లేచాడు. నెలన్నరకు చల్లబడి, తర్వాత మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటిది గాయం తర్వాతి స్వభావ మార్పుకు దగ్గర, రెండోది బైపోలార్‌కు దగ్గర. ఇద్దరినీ చూసి ఊరు అనేది ఒకే మాట: "దెబ్బ తగిలినప్పటి నుంచి మనిషి మారిపోయాడు." ఆ ఒక్క మాటను తేదీలుగా విడగొట్టడమే నిర్ధారణలో సగం పని.

కుంగుబాటు వైపు కూడా ఇలాంటి చిక్కే ఉంది. గాయం తర్వాత కొందరిలో ఏ పనికీ పూనుకోని జడత్వం మిగులుతుంది. వారికి దిగులు ఉండదు, ఏడుపు రాదు, చెబితే లేచి చేస్తారు. దాన్ని డిప్రెషన్ అనుకుని మందు ఇస్తే ఫలితం అంతంత మాత్రం. కొన్ని సెకన్ల పాటు కారణం లేకుండా పగలబడి నవ్వడం, ఏడవడం మరో సమస్య. అది ఉద్వేగాన్ని వ్యక్తం చేసే నరాల మీద అదుపు పోవడం, మేనియా కాదు.

మందులు కూడా జబ్బు వేషం వేస్తాయి. గాయం తర్వాత ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో విపరీతమైన చిరాకు, కోపం తెస్తుంది. స్టెరాయిడ్లు నేరుగా మేనియానే తెప్పించగలవు. బైపోలార్ తత్వం ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే అది మేనియాలోకి నెట్టవచ్చు. పెద్దవయసు వారిలో, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారిలో, చిన్న దెబ్బ తర్వాత వారాలకు మెదడు పైపొరల మధ్య నెత్తురు నెమ్మదిగా పేరుకుని తికమక, ప్రవర్తనలో తేడా రావచ్చు. ఇది మనోవైద్యుడి దగ్గర కాలయాపన చేయవలసిన విషయం కాదు, వెంటనే స్కానింగ్ చేయించాలి. యాభై దాటాక జీవితంలో తొలిసారి మేనియా వస్తే, దెబ్బ గుర్తున్నా లేకపోయినా, మెదడు స్కానింగ్ తప్పనిసరి అనుకోవాలి.

మందులు: పాత గాయం ఎక్కడ అడ్డం వస్తుంది

గాయం తర్వాతి మేనియాకు ప్రత్యేకమైన మందు లేదు. మామూలు బైపోలార్‌కు వాడే లిథియం, వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్ వంటి వాటినే వాడతారు. గాయపడిన మెదడు మందుల దుష్ప్రభావాలకు తొందరగా లోనవుతుంది కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఫిట్స్ కూడా ఉన్నవారికి వాల్‌ప్రోయేట్ ఒకే మాత్రతో రెండు పనులు చేస్తుంది. అయితే గర్భస్థ శిశువుకు హాని చేసే మందు అది. పిల్లలు కనే వయసు ఆడవారికి వీలైనంతవరకు ఇవ్వరు.

లిథియంను బైపోలార్‌కు వాడవచ్చని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ చూపించాడు. ఇప్పటికీ దానికి సాటి వచ్చే మందులు తక్కువ. కానీ రక్తంలో దాని మట్టం సుమారు 0.6 నుంచి 1.0 మధ్య నిలవాలి. కాస్త పెరిగితే చేతులు వణుకు, వాంతులు, తూలుడు, ఇంకా పెరిగితే ప్రాణాపాయం. ఒళ్లు నీరు కోల్పోతే, ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే మట్టం పెరుగుతుంది. రోహిణి కార్తె ఎండల్లో ఒంగోలు, నెల్లూరు మెట్ట పొలాల్లో రోజంతా చెమటోడ్చే మనిషికి, బీపీ ఉందని ఉప్పు మానేసిన మనిషికి ఇది పుస్తకంలో మాట కాదు. దెబ్బ తగిలిన తలకు నొప్పి తరచూ వస్తుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ దొరుకుతాయి; ఇవి కూడా లిథియం మట్టాన్ని పెంచుతాయి. తలనొప్పికి పారాసిటమాల్ అడగడం మేలు. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు మొదలుపెట్టేటప్పుడు కూడా లిథియం సంగతి చెప్పాలి.

లిథియం కిడ్నీల ద్వారా బయటికి పోతుంది కాబట్టి మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), థైరాయిడ్ పరీక్షలు చేస్తారు, తర్వాత కూడా చేస్తూ ఉంటారు. ఫ్లోరైడ్ నీళ్లతో పాటు కిడ్నీ జబ్బులూ జనాన్ని వేధిస్తున్న కనిగిరి వంటి చోట్ల ఈ పరీక్ష లేకుండా లిథియం మొదలుపెట్టడం కుదరని పని.

కాగితం విలువ

మానసిక జబ్బుకు శరీర జబ్బుతో సమానంగా బీమా వర్తింపజేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, అది ఇంట్లోనైనా, గుడి దగ్గరైనా, దర్గా దగ్గరైనా. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తించింది. ప్రమాద పరిహారం విషయంలో మాత్రం చిక్కు ఉంది. వైకల్య ధ్రువపత్రం చాలాసార్లు ప్రమాదం తర్వాత కొన్ని నెలలకే, కాలో చెయ్యో చూసి ఇస్తారు. మనోస్థితిలో తేడా ఆ తర్వాత బయటపడితే పరిహారం లెక్కలో అది చేరకుండా పోవచ్చు.

మొదటి అడుగుగా, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఆగకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మనోవైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు బ్యాంకు పాస్‌బుక్కులతో పాటు దాచిన పాత డిశ్చార్జి కాగితాన్ని తీసుకెళ్లాలి. అందులో మనిషి ఎంతసేపు స్పృహలో లేడు, ఫిట్స్ వచ్చాయా, స్కానింగ్‌లో కుడివైపా ఎడమవైపా, ఇంటికి పంపేటప్పుడు ఏ మాత్రలు ఇచ్చారు అన్నవి ఉంటాయి. 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో రూపొందిన, మనిషి స్పృహను కొలిచే కొలమానం ప్రకారం ఈ3 వీ4 ఎం5 అని ఓ మూల రాసి ఉండవచ్చు. కళ్లు తెరవడానికి మూడు, మాటకు నాలుగు, కదలికకు ఐదు, కలిపి పదిహేనుకు పన్నెండు. అంటే ఆ రాత్రి తగిలింది తేలికపాటి దెబ్బ కాదని, ఓ మోస్తరు గాయమని పదేళ్ల తర్వాత చూసే డాక్టరుకు కూడా ఆ ఒక్క వరుస చెబుతుంది. ఆ కాగితం వెనక్కి తిప్పి, నిద్ర తగ్గిన మొదటి వారం ఏ నెలలో వచ్చిందో ఇంటివాళ్లు రాసి ఇస్తే, దెబ్బే కారణమా అన్న ప్రశ్నకు జవాబు వెతకడం అక్కడి నుంచి మొదలవుతుంది.